లాక్కుంటే మింగేస్తుంది

నడకలో కుక్క చెత్త ఏదైనా కరుచుకుంటే వెంటనే నోరు తెరిచి లాగేయాలని వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట ఒప్పుకోలేను. ఏడాదిపాటు మా కుక్కతో నేనూ అదే చేశాను. ఫలితం? నేను వంగేలోపే మింగేయడం నేర్చుకుంది! దాని దృష్టిలో నేను తిండికి పోటీ వచ్చిన మరో కుక్కని. చివరికి పనికొచ్చింది మారకం. ముందు ఇంట్లో బొమ్మతో మొదలుపెట్టి, "వదులు" అన్నప్పుడు వదిలితే అంతకన్నా రుచైన ముక్క పెట్టేదాన్ని. వీధిలో అది అలవడడానికి మూడు నెలలు పట్టింది. అంతవరకు మూతికి చిక్కం వేశాను. చూసినవాళ్లు కరిచే కుక్క అనుకున్నారు, అనుకోనివ్వండి.

చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష కుక్కలకు విషమని అదే వ్యాసంలో హెచ్చరించారు గానీ చూయింగ్ గమ్‌ను మరిచారు. చక్కెర లేని కొన్ని రకాల్లో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కల్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచుతుంది. రక్తంలో చక్కెర గంటలోపే పడిపోవచ్చు. అలాంటిది మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించబోకండి, ఆ ఉప్పే విషమవుతుంది. దొరికిన రేపరు పట్టుకుని నేరుగా పశువైద్యుల దగ్గరికి వెళ్లండి.