మహారాజశ్రీ ‘కోచ్‌ని మార్చాలి’ గారికి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ ‘కోచ్‌ని మార్చాలి’ అనే చర్చగారి దివ్యసముఖానికి, మీ పాత భక్తుడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మీ కుశలం గురించి నాకు దిగులు లేదు, ఏ ఫుట్‌బాల్ క్లబ్బు ఎక్కడ ఓడినా మీకు పండగే. నేనే కుశలంగా లేను. కుడికాలికి నా చెప్పు, ఎడమకాలికి ఎవరిదో చెప్పు వేసుకుని ఇంటికొచ్చాను. ఎందుకో మీకు తెలుసు.

ఇవాళ సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు ఎండాడ దగ్గర టర్ఫ్ మైదానం మాది. గంటకి 1,200 రూపాయలు, మనిషికి 120 చొప్పున ముందే కట్టేశాం. ఈ వయసులో పదిమంది దొరకడమంటే మాటలు కాదు. ఒకడికి షిఫ్టు, ఒకడికి అత్తారింట్లో శ్రీమంతం, ఇంకొకడు గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్ ఈదుకుంటూ రావాలి. మూడు వారాలు బతిమాలితే కుదిరిన ఆదివారం ఇది. అందరూ వచ్చారు! మాకు ఆట నేర్పే మేష్టారు అందరికంటే ముందొచ్చి, బంతిని బొటనవేలితో నొక్కి గాలి చూసి, విజిల్ మెడలో వేసుకుని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు.

నాలుగింటికి ఇంకా మూడు నిమిషాలుందనగా, షూ లేసు కట్టుకుంటూ మా బావమరిది తల ఎత్తకుండానే అన్నాడు.

“ఏటి బావా, మీ కోచ్‌ని ఇంకా పీకలేదేటి?”

అంతే. మీరు దయచేశారు.

రాత్రి మా మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన మాట నిజమే. “గోల్ ముందు తన్నాల్సినవాడు తన్నకపోతే కోచ్ ఏం చేస్తాడ్రా” అన్నాను, మర్యాదగానే. మాలో చెల్సీ క్లబ్బు అభిమాని, ఓ కుర్రాడు, అందుకున్నాడు. “వెనకాల డిఫెన్స్‌లో ముగ్గురితో ఆడిస్తే ఎవడు తన్నినా ఒకటే అన్నయ్యా.” వెనకాల ముగ్గురుండాలా నలుగురుండాలా అన్నది నోటితో తేలలేదు. గీసి చూపిద్దామంటే కింద ప్లాస్టిక్ గడ్డాయె. అప్పుడు మావాళ్ళ కళ్ళు మేం విప్పిన చెప్పుల మీద పడ్డాయి.

నీళ్ళ సీసా గోల్‌కీపర్. మూడు చెప్పులు డిఫెన్స్. బైకు తాళాలు మిడ్‌ఫీల్డ్. సగం తాగిన మజ్జిగ ప్యాకెట్టు స్ట్రైకర్. “కదలడు కదా, అచ్చం మీవాడే” అని ఆర్సెనల్ మిత్రుడి వ్యాఖ్యానం. పోయిన నెల పూర్ణా మార్కెట్లో కొన్న నా తోలుచెప్పుల్లో ఎడమది సెంటర్ బ్యాక్‌గా దిగింది. నాలుగూ పదికి దాన్ని కుడివైపు వింగ్ బ్యాక్ చేశారు. ఎడమకాలి చెప్పుని కుడివైపు ఆడించడమేమిట్రా అని అడిగాను. ఈసారి గొంతు పెంచే అడిగాను, ఒప్పుకుంటున్నాను. నాలుగూ ఇరవైకి ఫామ్‌లో లేదని చెప్పి దాన్ని తీసేసి, పక్కకి విసిరేసి, వేరేవాడి హవాయి చెప్పు దింపారు.

బంతి ఇంకా సంచీలోనే ఉంది.

అయ్యా, తమరి ఘనత నాకు కొత్త కాదు. 2013లో మా యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ రిటైరైన దగ్గర్నుంచి మా ఇంట్లో మీకు పీట వేసే ఉంది. ఆయన చేయిపెట్టి చూపించిన మోయెస్‌కి ఆరేళ్ళ ఒప్పందం రాశారు, పది నెలలకే మీ మాట నెగ్గింది. తర్వాత వచ్చిన వాన్ గాల్ 2016లో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ తెచ్చిన రెండు రోజులకే పెట్టె సర్దుకున్నాడు. కప్పుతో ఫొటో ఇంకా ఫ్రేమ్ కట్టించనే లేదు! టెన్ హాగ్‌కి 2024 జూలైలో ఒప్పందం పొడిగించి, అక్టోబర్‌లో పొమ్మన్నారు. అంత మార్చాక మా క్లబ్బు ఎక్కడ తేలిందయ్యా అంటే, 2024-25 లీగ్‌లో పదిహేనో స్థానంలో. చెల్సీ కుర్రాడు నన్ను చూసి నవ్వుతాడు గానీ, వాళ్ళది ఇంకా పెద్ద బాగోతం. 2012 మేలో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన డి మాటియోని అదే నవంబర్‌లో, 2021లో గెలిపించిన టూకెల్‌ని మరుసటి ఏడు సెప్టెంబర్‌లో సాగనంపారు. మా వీధిలో అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించడానికి కూడా అంతకంటే ఎక్కువ టైమిస్తారు.

మీరు ఒకే ఒక్కసారి ఓడిపోయారు. 1989లో ఫెర్గూసన్‌ని పొమ్మని, మూడేళ్ళుగా సాకులే చెబుతున్నాడని, స్టేడియంలోనే బ్యానర్ కట్టారు. మరుసటి మేలో ఎఫ్ఏ కప్ వచ్చింది, ఆ తర్వాత పదమూడు లీగ్ టైటిళ్ళు. ఈ మాట ఇవాళ టర్ఫ్ మీద కూడా చెప్పాను. విన్నవాడు ఎవడూ లేడు, అప్పటికి మజ్జిగ ప్యాకెట్టు ఒలికింది.

హుద్‌హుద్ తుపాను రోజులు గుర్తున్నాయా మీకు? 2014 అక్టోబర్. బీచ్ రోడ్డులో చెట్టన్నది నిలబడలేదు, కరెంటు లేదు, నీళ్ళు లేవు. జనరేటర్ ఉన్న ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఫోన్లు చార్జింగ్‌కి పెట్టి లైన్లో నుంచున్నాం. అక్కడికీ వచ్చారు తమరు. ముందూ వెనకా తెలియనివాళ్ళమే, వాన్ గాల్ ఉండాలా పోవాలా అని గంటన్నర. నిజం చెప్పొద్దూ, ఆ వారం మొత్తంలో నేను భయం మర్చిపోయింది ఆ గంటన్నరే. అందుకే మీమీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నాను.

విధేయతల సంగతి కూడా ఓ మాట మనవి చేసుకోవాలి. ఇంత రాద్ధాంతం మొదలెట్టిన మా బావమరిదికి అసలు క్లబ్బే లేదు, మెస్సీ ఉన్నాడు. 2021 ఆగస్టు దాకా బార్సిలోనా, ఆ తర్వాత పారిస్, 2023 నుంచి మయామీ. ఇల్లరికం వెళ్ళినవాడు కూడా అన్ని ఊళ్ళు మారడు. ఆర్సెనల్ మిత్రుడికి ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ పుట్టిల్లు, స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్ మెట్టినిల్లు. 2025 ఏప్రిల్‌లో ఆ రెండూ ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో తలపడితే రెండు మ్యాచ్‌లకీ ఫోన్ స్విచాఫ్. ఆర్సెనల్ రెండూ గెలిచాక ఆన్ చేసి, “చెప్పానా” అన్నాడు. ఎవరికి చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో!

ఇంతమందిలో తెలుగు నేల మీది క్లబ్బు ఒకరికీ లేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆ రోజు మా గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. మీరూ రాలేదు. అది మీ స్థాయి విషయం కాదేమో పాపం.

సరే, అసలు సంగతికొస్తాను. చెప్పు పోయినందుకు ఈ ఉత్తరం కాదు.

నాలుగూ నలభై దాటింది. వల బయట తర్వాతి బ్యాచ్ కాలేజీ పిల్లలు నిలబడి, ఈ అంకుళ్ళు ఆడతారా మానతారా అన్నట్టు చూస్తున్నారు. చెల్సీ కుర్రాడు, “కోచ్ పాతబడితే టీమంతా పాతబడుతుంది, మనల్నే చూడండి” అన్నాడు. ఎవరో నవ్వారు. మా బావమరిది, “అయితే ముందు మేష్టార్నే మారిస్తే పోలా” అన్నాడు. ఇంకా నవ్వారు.

నేనూ నవ్వాను.

మేష్టారు స్టూలు మీదే ఉన్నారు. విజిల్ తాడుని చూపుడువేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. అరవై ఎనిమిదేళ్ళు ఆయనకి. ఒకప్పుడు రైల్వేకి ఆడారు. మాకు నేర్పినందుకు రూపాయి తీసుకోరు. బంతి ఆయనదే, పంపు ఆయనదే, ఫ్లాస్కులో టీ ఆయనింటిదే. మాలో ఎవడికైనా బంతిని కాలి లోపలి వైపుతో ఇవ్వడం వచ్చిందంటే ఆయన చలవ. హైదరాబాద్ రహీం సాబ్ గురించి మాకు చెప్పింది ఆయనే. ఆ సాబ్ ఓ బడిపంతులు. 1950 నుంచి కన్నుమూసేదాకా, పదమూడేళ్ళు, దేశం జట్టుని నడిపించారు. ’51లో, ’62లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం, ’56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ’62లో జకార్తాలో దక్షిణ కొరియాని ఫైనల్లో 2-1తో ఓడించేనాటికే ఆయనకి క్యాన్సర్, మరుసటి జూన్‌లో పోయారు. ఈ కథ మేష్టారు ఎప్పుడు చెప్పినా చివర్న ఒకటే అంటారు, “ఆయన్ని ఎవరూ మార్చలేదు నాయనా” అని.

అలాంటి మనిషిని పట్టుకుని నవ్వాం. ఎక్కడో మాంచెస్టర్‌లో కోట్లు తీసుకునేవాడి కోసం గంటసేపు గొంతు చించుకుని, మాకోసం ఎండలో స్కూటరేసుకుని వచ్చినాయన్ని నోటిదురద తీర్చుకోడానికి వాడుకున్నాం. ఒళ్ళు కొవ్వెక్కితే మాట్లాడే మాటలివి. మీరు నేర్పారని తప్పించుకోను, నోరు నాదే. కానీ మీరు లేకుండా ఆ మాట ఎవడి నోటికీ వచ్చేది కాదు. ఆ మాటకొస్తే మీరు ఒక్క గోల్ వేయించిన పాపాన పోయారా ఎప్పుడైనా? ఒక్క పాస్?

సరిగ్గా ఐదింటికి విజిల్ వేశారాయన. మొత్తం సాయంత్రానికి అదొక్కటే విజిల్. “టైమైపోయింది బాబూ, పిల్లలు ఆగుతున్నారు.” సంచీ భుజాన వేసుకుని స్కూటర్ దగ్గరకి నడిచారు. ఆ హడావుడిలో చేతికందిన చెప్పులు కాళ్ళకి తగిలించుకుని మేమూ బయటపడ్డాం. ఆయన వెనకాల వెళ్ళి ఏదో ఒకటి అందామనుకున్నాను. వెళ్ళలేదు.

కాబట్టి తమరికి నా మనవి ఇది. రండి. రావద్దంటే మానరని తెలుసు, మీరు మానేస్తే మ్యాచ్ పోయిన అర్ధరాత్రి నాకు మాట్లాడ్డానికి ఎవరూ ఉండరని కూడా తెలుసు. బీచ్‌లో ముంత మసాలా తింటున్నప్పుడు రండి, ఆఫీసు లంచ్‌లో రండి. టర్ఫ్ మీదకి మాత్రం వల దాటి అడుగుపెట్టకండి. గంటకి 1,200.

ఇది రాస్తుండగా గ్రూపులో మేష్టారి మెసేజ్ వచ్చింది. “వచ్చే ఆదివారం 4 గంటలకు. బంతి నేను తెస్తాను. అందరూ షూలు ఇంటి దగ్గరే కట్టుకుని రావాలి.”

ఇట్లు,
తమరి చేత 120 రూపాయలకి టోపీ పెట్టించుకున్న
ఓ యునైటెడ్ అభిమాని

తా.క.: నా ఎడమ చెప్పు తొమ్మిదో నంబరు, ముదురు గోధుమరంగు. దొరికినవాళ్ళు ఎడమవైపే వాడుకోగలరు.