మా ఇంటి దంత రాజ్యాంగం

పళ్ళ విషయంలో మా ఇంట్లో తాతల నాటి నుంచి ఒక రాజ్యాంగం అమల్లో ఉంది. మొదటి అధికరణం: నొప్పి పుట్టేదాకా ఏ పన్నునూ గుర్తించరాదు. రెండోది: నొప్పి పుడితే లవంగం. లవంగం ఓడిపోతే ఇంకో లవంగం. అప్పటికీ తగ్గకపోతే, పైపన్ను పీకిస్తే చూపు పోతుందని మా పెద్దత్త హెచ్చరిస్తుంది, ఆస్పత్రి ప్రయాణం మరో పండక్కి వాయిదా పడుతుంది. కంటి నరం వేరు, పంటి నరం వేరు అని డాక్టర్లంటారు. చదువుకున్నవాళ్ళు, అలాగే అంటారు.

పిల్లలకీ ఇదే చట్టం. ఆరేళ్ళప్పుడు మావాడికి పాలదవడ పన్ను పుచ్చింది. "ఎలాగూ ఊడేదానికి ఫిల్లింగెందుకు?" అని తీర్పిచ్చింది నేనే. పీకించి, ఆనవాయితీగా ఇంటికప్పు మీదికి విసరబోతే, అపార్ట్‌మెంట్‌లో మన కప్పంటే పైవాళ్ళ నేల అని తెలిసొచ్చింది. ఆ పాలదవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండి, కింద నుంచి వచ్చేవాటికి చోటు కాపలా కాస్తాయట. కాపలా లేని జాగా ఏమవుతుందో హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్నవాళ్ళకి చెప్పాలా? పక్కపన్ను జరిగి కూర్చుంది. అసలు హక్కుదారు వంకరగా మొలిచింది.

ఫిల్లింగులో మిగిల్చిన వందలకి బదులు క్లిప్పులకి వేలు కట్టాను. రెండేళ్ళు! తీగ పన్నుని ఎటు నెడితే అటువైపు ఎముక కరగాలి, అవతలివైపు కొత్తది పూడాలి, అందుకే పన్ను నెలకి ఓ మిల్లీమీటరు కన్నా పెద్దగా కదలదు. మున్సిపాలిటీ ఫైలు నయం. తీరా క్లిప్పులు విప్పాక, జరిపిన పన్నుకి పాతచోటు మీద బెంగ తగ్గదని, దాన్ని కొత్తచోటే పట్టి ఉంచే రిటైనర్ ఇచ్చారు. మావాడు దాన్ని ఓ పెళ్ళి భోజనంలో తీసి విస్తరి అంచు కింద దాచాడు. ఆకులు ఎత్తేసినవాళ్ళు దాన్ని కూడా ఎత్తేశారు.

గార తీయించడం మాత్రం రాజ్యాంగ విరుద్ధం, పళ్ళు వదులవుతాయని. నిజానికి చిగురుని తినేది ఆ గారే. తెల్లబరచడానికి అభ్యంతరం లేదు. తాతయ్య బొగ్గుతో తోముకుంటే మొరటన్నాం, ఇప్పుడదే బొగ్గు ట్యూబులో వస్తే డబ్బిచ్చి మరీ రుద్దుతున్నాం. గట్టిగా రుద్దేకొద్దీ ఎనామెల్ అరుగుతుంది, మళ్ళీ పెరగదు, కిందనున్న పసుపురంగు పొర బయటపడుతుంది. తెలుపు కోసం పడే పాట్లన్నీ పసుపు కోసమే అన్నమాట. శుభమే.

మొన్న మా అన్నయ్య కూతురి పెళ్ళి. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే ముందుపంటికి క్యాప్ వేయించారు, పక్కపళ్ళ రంగులో చక్కగా కలిసిపోయింది. ముహూర్తానికి వారం ముందు వైట్‌నింగ్ అన్నారు. డాక్టరమ్మ గార తీద్దామంది. "అవన్నీ తర్వాత, తెల్లగా చేయండి చాలు" అంది మా వదిన. క్యాప్ రంగు మారదని కూడా చెప్పిందట, అది ఎవరూ వినలేదు. రెండు రోజులు టీ, కాఫీ, పసుపు తగిలిన కూర ఏదీ ముట్టొద్దంటే, వంటవాళ్ళు దిగిన ఇంట్లో పెళ్ళికూతురు పెరుగన్నంతో గడిపింది. పళ్ళన్నీ మల్లెమొగ్గలయ్యాయి. క్యాప్ ఒక్కటే పాత రంగులో, ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడనిది, వీధి చివర నుంచి కూడా కనిపిస్తోంది.

ఆల్బమ్ నిండా పిల్ల పెదాలు బిగించుకునే ఉంది. కోడలు ఎంత అణకువో అని వియ్యపురాలు ఇప్పటికీ మురిసిపోతోంది.