మెదడు గోడు ఎవరికి పట్టింది?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే మనిషి ఒకరిని తలచుకోండి. హెచ్‌ఐవీ పాజిటివ్. మందులు మానకుండా వేసుకుంటున్నాడు, రక్తంలో వైరస్ మోతాదు, అంటే వైరల్ లోడ్, అదుపులో ఉంది, ఒళ్లు చేశాడు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ పుస్తకంలో అంతా సవ్యమే. కానీ గేటు దగ్గర చెప్పిన మాట కాటా దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నాడు, లెక్క తప్పుతున్నాడు. ఇంట్లో పరాకు అంటారు, పనిచోట తాగుడు అంటారు. ఇది వైరస్ మెదడుకు చేసిన చెరుపు కావచ్చని అనుమానించి, పరీక్షించి, తేల్చి చెప్పగల కుర్ర శాస్త్రవేత్తలను ఈ గడ్డ మీద ఎందరిని తయారుచేశాం?

ఈ రంగంలో యువ పరిశోధకుల శిక్షణకు దశాబ్దాలుగా పెద్ద ఆసరా అమెరికా సొమ్ము. అమెరికా సంస్థల గ్రాంట్లలోంచి విదేశీ సంస్థలకు చేరే వాటాలను, అంటే ఉప గ్రాంట్లను, కొత్త విధానం వచ్చేదాకా ఇవ్వబోమని 2025 మేలో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ, ఎన్‌ఐహెచ్, ప్రకటించింది. వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. మన రోగి మెదడు సంగతి తెలుసుకునే పనిని పరాయి ఖజానాకు వదిలేసి ఇన్నేళ్లు నిశ్చింతగా కూర్చున్నదెవరు? మనమే.

దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షలకు పైనే. పెద్దల్లో వ్యాప్తి చూస్తే ఆంధ్రప్రదేశ్ జాతీయ సగటుకు దాదాపు మూడు రెట్లు. 2004 ఏప్రిల్‌లో ఉచిత మందులు మొదలయ్యాక చావులు తగ్గాయి. ఆ ఘనత చిన్నది కాదు. అక్కడితోనే ఆగిపోయాం. ‘బతికించాం కదా, చాలు’ అన్న మాట మన విధానంగా మారిపోయింది.

వైరస్ ఒంట్లో చేరిన కొద్ది వారాల్లోనే మెదడుకు చేరుతుంది. న్యూరాన్లను, అంటే నాడీకణాలను, నేరుగా పట్టదు. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాల్లో తిష్ఠ వేస్తుంది, అక్కడ రగిలే మంటకు న్యూరాన్లు దెబ్బతింటాయి. మందులొచ్చాక మతి పూర్తిగా చెడే తీవ్రమైన డిమెన్షియా బాగా తగ్గింది కానీ మతిమరుపు, మందకొడితనం పూర్తిగా పోలేదు. అమెరికాలో 1,555 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి పైగా ఏదో ఒక లోపం కనిపించింది. చాలావరకు తేలికపాటివే. అయినా మాత్ర వేళ మరిచిపోవడానికి ఆ తేలికపాటిదే సరిపోతుంది.

వాళ్ల లెక్క మనకు సరిపోతుందా అంటే అదీ తెలియదు. అక్కడ ఎక్కువగా బీ రకం వైరస్, ఇక్కడ సీ రకం. సీ రకంలో టాట్ అనే ప్రొటీన్ కొంత మారి ఉందని, దానివల్ల మెదడుకు హాని తక్కువ కావచ్చని 2004లో బెంగళూరు శాస్త్రవేత్తలు చూపారు. ఆ తర్వాత దక్షిణాది రోగులను పరీక్షిస్తే సీ రకంలోనూ మెదడు పనితీరులో లోపాలు బయటపడ్డాయి. ఈ చిక్కుముడి విప్పాల్సింది రోగులున్నచోట పనిచేసేవాళ్లే.

తొలి పరీక్ష పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. నాలుగు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటారు. బొటనవేలికి చూపుడువేలిని ఐదు సెకన్లు వేగంగా కొట్టమంటారు. పిడికిలి బల్లమీద పెట్టి, అరచెయ్యి చాపి, తర్వాత అంచుమీద నిలబెట్టి, అదే వరుస మళ్లీ మళ్లీ చెయ్యమంటారు. చివర్లో ఆ నాలుగు మాటలూ అడుగుతారు. 12కి 10 లేదా అంతకు తక్కువ వస్తే లోతుగా చూడాలి. కానీ బడి మొహం చూడని కూలీకి, మూటలు మోసి వేళ్లు బిగుసుకున్న మనిషికి ఏ స్కోరు మామూలు, ఏది జబ్బు? తెలుగులో, తెలుగువాళ్ల మీద ఏళ్లతరబడి పనిచేస్తే తప్ప తేలదు. వైరాలజీ, న్యూరాలజీ, సైకాలజీ మూడూ తెలిసిన మనుషులు కావాలి. అలాంటివాళ్లు ఆరు వారాల వర్క్‌షాపులో తయారుకారు.

టీబీ ఉంది, కొత్త కేసులు ఆపాలి, ఉన్న డబ్బు వాటికే చాలడం లేదని అధికారులంటారు. నిజమే కావచ్చు. కానీ మెదడు మొద్దుబారి మందు మానేసినవాడిలో వైరస్ మళ్లీ పెరిగితే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది? ‘బతికించాం కదా’ అంటే అప్పుడు కుదురుతుందా?

పీహెచ్‌డీ చేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు. అదీ వేళకు అందక పరిశోధక విద్యార్థులు రోడ్డెక్కుతున్నారు. ఇంట్లో ‘ఎప్పుడు సెటిలవుతావ్’ అన్న టెన్షన్ వేరే. గ్రాంటు ఎప్పుడు ఆగుతుందో తెలియని రంగంలోకి ఏ తెలివైన పిల్ల వస్తుంది? ఒక సీనియర్ వదిలేసి వెళ్లడం చూసిన జూనియర్ ఆ వైపే రాదు. అలా ఒక తరం పోతే మళ్లీ నిలబెట్టడానికి పదేళ్లు చాలవు.

విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. గుంటూరు పెద్దాసుపత్రిలో రోగులున్నారు. అరగంట, గంట దూరంలో ఉన్న ఈ మూడింటినీ కలిపి, ఏటా పదిమందికి ఐదేళ్ల పాటు ఆగని ఫెలోషిప్ ఇవ్వడానికి ఏ విదేశీ అనుమతి కావాలి? ఆరోగ్యశాఖ జవాబు చెప్పాలి. డిసెంబర్ 1న, ఎయిడ్స్ దినం నాడు, విజయవాడ బందరు రోడ్డులో ఎర్ర రిబ్బన్లతో ర్యాలీ తీసి, ‘బతికించాం’ అని మైకులో చెప్పే పెద్దలు ఈసారి వేదిక ఎక్కేముందు ఆ ఫెలోషిప్ జీవో కాపీ చేత్తో పట్టుకుని రావాలి. అది లేకపోతే ఆ వేదిక ఎక్కే హక్కు వాళ్లకు లేదు.