అధికారి చూసేది ఐదో నిమిషాన్నే

ఏం చేస్తే చదువు పిల్లల బుర్రలో నిలుస్తుందో పరిశోధకులు తేల్చి చాలా కాలమైంది. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం, అదే పాఠాన్ని రోజుల ఎడంతో మళ్లీ పట్టుకోవడం. పది చదువు పద్ధతులను బేరీజు వేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డన్‌లోస్కీ బృందం 2013లో ఈ రెండింటికే పెద్ద పీట వేసింది. టీచర్లు శిక్షణ తరగతుల్లో విన్నవే ఇవి. బడి తెరవగానే మొదలుపెడతారు, మొదటి పరీక్షల నాటికి మానేస్తారు. బద్ధకం అనేస్తే సులువే. అసలు కారణం వేరే ఉంది.

2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం చూడండి. కొందరు విద్యార్థులు ఒక వ్యాసభాగాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లు 83 శాతం, రాసినవాళ్లు 71 శాతం గుర్తుంచుకున్నారు. వారం ఆగి పెడితే తారుమారైంది: చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61.

అంటే మంచి పద్ధతి మొదట్లో ఓడిపోతున్నట్టే కనిపిస్తుంది! క్లాసు మొదలవగానే నిన్నటి పాఠంలోంచి ఒకటి, పోయిన వారం నుంచి ఒకటి, నెల కిందటి నుంచి ఒకటి అడిగి చూడండి. పెన్ను కొరుకుతారు, పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు, రాసింది కొట్టేస్తారు. మూడో ప్రశ్న దగ్గర చాలామందికి ఖాళీయే. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన అధికారి తలుపు దగ్గర నిలబడితే టీచర్ పరువు పోయినట్టే. పక్క గదిలో పిల్లలు అప్పుడే చెప్పిన జవాబును కోరస్‌గా అప్పజెబుతుంటే ఆయన మురిసిపోయి వెళతాడు. ఏ టీచరైనా ఎటు మొగ్గుతారు?

ప్రశ్న అడిగాక ఆగడం సంగతీ అంతే. టీచర్లు సగటున సెకను కంటే ఎక్కువ ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, నోరు విప్పే పిల్లలు పెరుగుతారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం చూసేవాళ్లకు టీచర్ తడబాటులా ఉంటుంది.

ప్రతి క్లాసూ వేరు, టీచర్ చేతులు కట్టేయకూడదు అంటారు కొందరు. ఒప్పుకుంటాను. ఏ ఉదాహరణ చెప్పాలి, ఏ కథతో మొదలెట్టాలి అన్నది టీచర్ ఇష్టమే. మరిచిపోవడం మాత్రం ప్రతి క్లాసులోనూ ఉంది కదా.

నిజానికి అప్పటికప్పుడు కనిపించేదాన్నే మెచ్చుకునే ఈ జబ్బు బడిది మాత్రమే కాదు, పాలనది. ప్రారంభోత్సవానికి ఫొటో ఉంటుంది, మూడో ఏడు కూడా అదే పని చేస్తున్నవాడికి ఉండదు. అందుకే పోయినేటి పద్ధతి వేరూనకముందే కొత్త పేరుతో కొత్త శిక్షణ మాడ్యూల్ దిగుతుంది. పాతదాని ఫలితం అడిగే నాథుడుండడు.

తనిఖీ తీరు మార్చడానికి పైసా ఖర్చు లేదు. అధికారి ఆ రోజు పాఠం జోలికే పోకూడదు. నెల కిందటి పాఠంలోంచి ప్రశ్నలడగాలి, అదీ టీచర్‌కు ఏడాది మొదట్లోనే చెప్పి.