పక్క మంచం మీది స్నేహితుడికీ శిక్షణ కావాలి

కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్లో ఒక పిల్లవాడు లోలోపల కుంగిపోతున్నాడన్న సంగతి అందరికంటే ముందు పసిగట్టేది పక్క మంచం మీద పడుకునేవాడే. లెక్చరర్‌కు మార్కులు తగ్గాక తెలుస్తుంది, వార్డెన్‌కు ఎవరో చెబితే తెలుస్తుంది, తల్లిదండ్రులకు ఒక్కోసారి అంతా అయిపోయాకే తెలుస్తుంది. అయినా విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మనం చేసే చర్చంతా కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా లేరా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలనీ అందులో ఉంది. 2022లో దేశంలో 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నప్పుడు, ఈ ఆదేశాలను తు.చ. తప్పకుండా అమలు చేయడం ప్రభుత్వాల కనీస బాధ్యత. అయితే స్టడీ అవర్ ముగిసి లైట్లు ఆర్పిన తర్వాత గదిలో సిబ్బంది ఉండరు. మనసులో మాట బయటికి వచ్చేది తరచుగా ఆ వేళలోనే కాబట్టి, సిబ్బందికి ఇచ్చే శిక్షణలో కొంత భాగమైనా విద్యార్థులకూ అందాలన్నది నా వాదన.

ఆ శిక్షణలో నేర్పాల్సింది ఏమిటో ఒక చిన్న సందర్భంలో చూద్దాం. ‘నా వల్ల కావట్లేదురా, ఇంటికెళ్లిపోతాను’ అని ఒక కుర్రాడు అన్నాడనుకుందాం. ‘ఈ మాత్రం దానికేనా? మీ నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు, అది గుర్తుపెట్టుకుని చదువు’ అని స్నేహితుడు ధైర్యం చెబుతాడు. ఉద్దేశం మంచిదే, కానీ అప్పటికే భయంతో ఉన్నవాడి నెత్తిన అపరాధభావం కూడా పడింది, ఇక వాడు ఆ సంగతి మళ్లీ ఎత్తడు. శిక్షణ పొందిన స్నేహితుడు మరోలా మొదలుపెడతాడు: ‘కొన్నాళ్లుగా నువ్వు మెస్‌కి కూడా సరిగ్గా రావట్లేదు, ఏమైందిరా?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకుంటాడు. విన్నది సరిగ్గా అర్థమైందో లేదో తేల్చుకోవడానికి, ‘అంటే మార్కుల కంటే ఇంట్లో ఏమంటారోనన్నదే ఎక్కువ భయంగా ఉందా?’ అని అడుగుతాడు. సలహా నాలుక చివరిదాకా వచ్చినా ఆపుకోవడం ఈ విద్యలో అన్నిటికంటే కష్టమైన పాఠం. పెద్దలు చెప్పడం, పిల్లలు తలూపడం అలవాటైన మన ఇళ్లలో పెరిగినవారికి అది మరీ కష్టం. ముగ్గురేసి కూర్చుని, ఒకరు చెబుతుంటే ఒకరు వింటూ, మూడోవారు గమనిస్తూ, వంతులు మార్చుకుంటూ పలుమార్లు సాధన చేస్తే తప్ప అది అలవడదు.

మరో పాఠం ఇంకా బరువైనది. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పరిశోధనలు ఆ భయాన్ని బలపరచలేదు. అలా అడగడం వల్ల ఎదుటివారికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఔననే జవాబు వస్తే ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకూడదు, ఒంటరిగా వదలకూడదు, వెంటనే నమ్మకమైన పెద్దవారికి చెప్పాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. విద్యార్థి బాధ్యత అక్కడితో ముగుస్తుందని అతనికి ముందే స్పష్టంగా చెప్పాలి.

వైద్యులు కానివారు ఇలాంటి పని చేయగలరా అన్న సందేహానికి జింబాబ్వే మంచి సమాధానం ఇచ్చింది. మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే ఉన్న ఆ దేశంలో డాక్టర్ డిక్సన్ చిబండా 2006లో హరారేలోని ఎంబరే ప్రాంతంలో ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ ప్రారంభించారు. సమాజ ఆరోగ్య కార్యకర్తలైన అవ్వలు శిక్షణ పొంది, క్లినిక్ ఆవరణలో బల్ల మీద కూర్చుని బాధితుల గోడు విని, సమస్యను విడదీసి చూసుకోవడానికి సాయపడ్డారు. 573 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఈ సాయం పొందినవారిలో ఆరు నెలల తర్వాత కుంగుబాటు లక్షణాలు మిగతావారికంటే చాలా తక్కువగా కనిపించాయి. అయితే ఆ అవ్వలకు శిక్షణ మాత్రమే కాదు, నిరంతర పర్యవేక్షణ కూడా ఉందన్న సంగతి మరవకూడదు.

మన దగ్గర అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టి, పదిమంది పిల్లలకు బ్యాడ్జీలు తగిలించి, ఫొటో తీయించుకుని, కౌన్సెలర్ జీతం మిగుల్చుకునే యాజమాన్యాలకు ఈ ఆలోచన ఆయుధం కాకూడదు. పదహారేళ్ల పిల్ల తోటివారి దుఃఖాన్ని వారాల తరబడి ఒంటరిగా మోస్తే ఆమె కూడా కుంగిపోతుంది. అందుకే ఆమె తన అనుభవాన్ని పంచుకోవడానికి శిక్షణ పొందిన పెద్దవారు ఒకరు క్రమం తప్పకుండా అందుబాటులో ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, ఈ పిల్లలు వార్డెన్‌కు వేగులు కాకూడదు. ఎవరు ఏడ్చారో, ఎవరికి చదువు మీద మనసు లేదో ఆఫీసుకు చేరుతుందన్న అనుమానం ఒక్కసారి పుడితే ఇక ఎవరూ నోరు విప్పరు. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప మాట దాటదన్న నియమం యాజమాన్యానికి కూడా వర్తించాలి.

ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. టాపర్లనే ఏరి ఈ పని అప్పగిస్తే, వీక్లీ టెస్టులో వెనకబడినవాడు వారి దగ్గరికి వెళ్లడు. ఎవరి దగ్గర మనసు విప్పుకోగలరో విద్యార్థులనే అడిగి తెలుసుకోవడం మేలు. తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా బిగించిన టైంటేబుల్లో ఈ సాధనకు చోటేదని యాజమాన్యాలు అడుగుతాయి. రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులు గుర్తింపు పునరుద్ధరణ తనిఖీల్లో కౌన్సెలర్ నియామక పత్రంతో పాటు, వారానికి ఒక గంట ఈ సాధన, పర్యవేక్షణ జరుగుతున్నాయా అని కూడా అడిగితే, ఆ గంట టైంటేబుల్లోకి రాక తప్పదు.