గ్రూప్ మెడిక్లెయిమ్ పాలసీ గారికి, మారతహళ్లి నుంచి

మహారాజశ్రీ కంపెనీ గ్రూప్ మెడిక్లెయిమ్ పాలసీ గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి మీ లబ్ధిదారుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమంగా ఉన్నన్నాళ్లూ మీ వల్ల మాకు ఏ ఇబ్బందీ లేదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. ఏప్రిల్ రాగానే మీ ఈ-కార్డు మెయిల్లో వస్తుంది. ఈ ఏడాది కార్డులో మా అమ్మ పురుషుడు. సరిచేయమని టికెట్ వేస్తే 'రిజాల్వ్‌డ్' అని జవాబు వచ్చింది. ఇప్పుడు మా నాన్న స్త్రీ.

ఈసారి రెన్యూవల్ మెయిలు తీరిగ్గా చదివాను. మొదటి లైన్లోనే శుభవార్త: కవరేజి 4 లక్షలు, యథాతథం. ఆసుపత్రి ఖర్చులు మన దేశంలో ఏటా రెండంకెల శాతం పెరుగుతున్నాయని మీ తరఫు కన్సల్టెంట్లే నివేదికలు రాస్తారు. ఆ లెక్కన యథాతథం అంటే ఏటా కొంత కోత. జేబులో చెయ్యి పెట్టకుండానే జేబు ఖాళీ చేయడంలో మీకు సాటి లేరు. కింద చిన్న అక్షరాల్లో మిగతాది ఉంది. తల్లిదండ్రుల ప్రీమియం ఇకనుంచి మా జీతంలోంచే పోతుంది. వాళ్ల క్లెయిముల్లో మేం కట్టుకోవాల్సిన కో-పే 10 శాతం నుంచి 20 శాతం అయింది. కారణం కూడా చెప్పారు: నిరుడు మేం క్లెయిములు ఎక్కువ చేశామట. నిజమే, నిరుడు మాలో కొందరికి జబ్బు చేసింది. ఇలాంటి దుబారా మళ్లీ జరగకుండా చూసుకుంటాం.

ఇవి డబ్బు సంగతులు, ఎలాగో సర్దుకుంటాం. మీరు మా ఇంట్లో పెట్టిన అసలు చిచ్చు పోర్టల్లో ఒక బటన్. ఒకవైపు 'పేరెంట్స్', ఒకవైపు 'ఇన్‌లాస్'. ఏదో ఒకటే నొక్కాలి. మా నాన్నను, మా మామగారిని కలిపి ఒక జతగా పెట్టడానికి వీల్లేదు. అలా పెట్టనిస్తే నలుగురిలో ఎక్కువ జబ్బులున్న ఇద్దరిని ఏరి మీ నెత్తిన పెడతామని మీ భయం. పెడతాం మరి. వైద్యం జబ్బున్నవాళ్లకే కదండీ.

మా ఆవిడ పనిచేసేది చిన్న స్టార్టప్‌లో. అక్కడ అందరూ పాతికేళ్లవాళ్లే, వాళ్ల పాలసీలో అమ్మానాన్నలనే మాటే లేదు. అందుకని ఎన్‌రోల్‌మెంట్ విండో తెరిచిన రోజు రాత్రి మదనపల్లె నుంచి మావాళ్లు, ప్రొద్దుటూరు నుంచి వాళ్లవాళ్లు వీడియో కాల్లో కూర్చున్నారు. మా నాన్నకు షుగర్, బీపీ, గుండెలో ఒక స్టెంటు. అమ్మకు థైరాయిడ్. మామగారికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మా అత్తగారికి ఏ జబ్బూ లేదు, ఆవిడ పేరు పెడితే ప్రీమియం దండగ అని అందరూ తేల్చారు. ఆవిడ దానికి నొచ్చుకున్నారు. "నాకూ అప్పుడప్పుడూ కళ్లు తిరుగుతుంటాయి" అని కాసేపటికి గుర్తు చేసుకుని చెప్పారు.

ఈలోగా డాలస్ నుంచి మా బామ్మర్ది ఫోన్. "బావా, ఇక్కడ కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మానాన్నల్ని పెట్టనివ్వరు. నీ దాంట్లో పెట్టేయ్ బావా" అన్నాడు. వాడి బాధ వాడిది. అమెరికాలో కంపెనీలిచ్చే ఫ్యామిలీ పాలసీకి 2024లో సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లని కేఎఫ్ఎఫ్ సంస్థ సర్వే. అందులో 6,296 డాలర్లు ఉద్యోగి జీతంలోంచే పోతాయి. అంత పోసినా కన్నవాళ్లకు చోటు లేదు. ఆ అమెరికా పాలసీ గారు మీకు పెదనాన్న వరస అవుతారు కాబట్టి ఒక మాట చెప్పాలి. 1942లో, యుద్ధం నడుస్తుండగా, జీతాలు ఇష్టమొచ్చినట్టు పెంచకూడదని అక్కడి ప్రభుత్వం కట్టడి పెట్టింది. పనివాళ్లు వేరే చోటికి పోకుండా ఉండాలని కంపెనీలు జీతానికి బదులు ఇన్సూరెన్సు ఎర చూపించాయి. మనిషిని కదలకుండా కట్టేయడం మీ వంశంలోనే ఉంది.

చివరికి మా ఇంటి తీర్పు మామగారే చెప్పారు. "మోకాలు ఇంకో ఏడాది ఆగుతుంది అల్లుడూ, గుండె ఆగితే కష్టం. మీ నాన్నగారికే పెట్టు." మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఏమేం ఉంటాయో పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

తర్వాత నాన్నకు హెర్నియా ఆపరేషన్ పడింది. మీ అసలు స్వరూపం చూసే భాగ్యం అప్పుడు కలిగింది. గది అద్దె పరిమితి రోజుకు కవరేజిలో 1 శాతం. 4 లక్షలకు 4 వేలు. రింగ్ రోడ్డు పక్కన ఆసుపత్రుల్లో 4 వేల గది అంటే ఎప్పుడూ 'ఇప్పుడే నిండిపోయింది సార్'. ఖాళీగా ఉన్నది 8 వేల గది. మిగతా 4 వేలు మనం కట్టుకుంటే సరిపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. మీ లెక్క అది కాదు. గది అద్దె రెట్టింపైతే సర్జన్ ఫీజులో సగమే ఇస్తారు, ఆపరేషన్ థియేటర్ ఖర్చులో సగమే, నర్సింగ్‌లోనూ సగమే. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు ఈ కోతలోంచి తప్పించుకున్నాయి, అంతవరకు నయం. సర్జన్ బిల్లు 60 వేలైతే మీరు ఒప్పుకునేది 30 వేలు. ఒప్పుకున్నదాంట్లోంచి మళ్లీ 20 శాతం కో-పే.

ఇందులో తప్పంతా మీ మీదే తోయడం ధర్మం కాదు. గది క్లాసు పెరిగితే డాక్టరు ఫీజు కూడా పెరిగేలా ధరల పట్టిక తయారు చేసుకున్నది ఆసుపత్రులు. అదే డాక్టరు, అదే కత్తి, అదే హెర్నియా. గదిలో సోఫా ఉంటే కుట్టు ఖరీదు పెరుగుతుంది. వాళ్లు పెంచుతారు, మీరు కోస్తారు, మధ్యలో మా నాన్న పడుకుని ఉంటాడు.

చేతి తొడుగులు, మాస్కులు, డైపర్లు మీరు ఇవ్వని వస్తువుల జాబితాలో ఉన్నాయట. తొడుగుల్లేకుండా ఆపరేషన్ చేయమని ముందే అడగాల్సిందేమో.

డిశ్చార్జి రోజు సంగతి వేరే. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది: క్యాష్‌లెస్‌కు గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జికి మూడు గంటల్లో అనుమతివ్వాలి, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే ఇన్సూరెన్స్ కంపెనీయే తన వాటాదారుల సొమ్ములోంచి భరించాలి. మంచి నిబంధన. ఆసుపత్రిలో మీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ డెస్కు పక్కన గోడకు అంటించారు కూడా. అయితే గడియారం మొదలయ్యేది ఆసుపత్రి మీకు ఫైనల్ బిల్లు పంపాక. ఆ బిల్లేమో ఫార్మసీ క్లియరెన్సులో ఉంటుంది. పొద్దున డాక్టరు ఇంటికి వెళ్లొచ్చన్నాక సాయంత్రం దాకా తిరుమల కంపార్ట్‌మెంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాం. అక్కడైతే మధ్యలో పాలు, ఉప్మా అయినా పెడతారు. నాన్న విసుగొచ్చి, "వైట్‌ఫీల్డులో సత్యసాయిబాబా ఆసుపత్రి ఉంది కదరా, దాంట్లో బిల్లింగ్ కౌంటరే ఉండదంట" అన్నాడు. నిజమే, 2001లో తెరిచినప్పటి నుంచీ వైద్యం అంతా ఉచితం. కాకపోతే వాళ్లు ముఖ్యంగా చూసేది గుండె, మెదడు. హెర్నియా ఆ వరసలో లేదు.

మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న కథ వింటే మీకు సిగ్గేస్తుంది. ఆయనకు ఈఎస్ఐ, అంటే తక్కువ జీతాలవాళ్లకు ప్రభుత్వం నడిపే బీమా. జీతంలోంచి 0.75 శాతం పోతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. ఆధారపడిన తల్లిదండ్రులు కూడా వస్తారు, వైద్యం ఖర్చుకు ఇంత అని పరిమితి లేదు. రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో లైను పెద్దదే, పడిగాపులు తప్పవు. కానీ మీరెక్కువా నేనెక్కువా అని ఆయన పేరెంట్స్‌నీ ఇన్‌లాస్‌నీ ఎవరూ తగువుకు పెట్టలేదు. ఆయన భయం ఒక్కటే, జీతం పెరుగుతుందేమోనని. నెలకు 21 వేలు దాటితే ఈఎస్ఐ పోతుంది. ఆ గీత 2017 జనవరి నుంచి కదల్లేదు.

మీ చిన్నప్పుడు మీరు ఇంత పిసినారి కాదని పెద్దలంటారు. 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ మొదలుపెట్టాయి. 2007 జనవరి దాకా ఫ్యాక్టరీల అగ్నిప్రమాద బీమా లాంటివాటి రేట్లు కట్టుబాటులో ఉండేవి, వాటిలో లాభం బాగుండేది. ఆ లాభం కోసం పెద్ద కంపెనీలకు మిమ్మల్ని చవగ్గా, దాదాపు కొసరుగా ఇచ్చేవాళ్లు. రేట్లు స్వేచ్ఛగా వదిలేశాక కొసరు పోయింది, మీరు మీ కాళ్ల మీద నిలబడాల్సి వచ్చింది. అప్పట్నుంచీ మా అమ్మానాన్నల కాళ్లు లాగుతున్నారు.

మీలో ఒక గొప్ప గుణం లేకపోతే ఎప్పుడో వదిలేసేవాళ్లం. షుగరున్నా, స్టెంటున్నా, చేరిన మొదటి రోజు నుంచే కవరు చేస్తారు. అందుకే మీ మీద ఇన్ని తిట్లు, ఇంత ప్రేమ. కానీ ఆ గుణం ఉద్యోగంతోపాటే వస్తుంది, ఉద్యోగంతోపాటే పోతుంది. మా ఫ్లోర్లో ఒకాయన్ని తీసేసినప్పుడు ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, వాళ్లమ్మ డయాలసిస్ మూడూ ఒకేరోజు వెనక్కి తీసుకున్నారు. మీ నుంచి సొంత పాలసీకి మారే దారి నిబంధనల్లో ఉందని హెచ్ఆర్‌ను గట్టిగా అడిగితే చెబుతారు. అది అదే ఇన్సూరెన్స్ కంపెనీలో జరగాలి, ప్రీమియం ఎంతో వాళ్లే చెబుతారు. ఇటు మా కంపెనీ ఏ ఏటికాయేడు తక్కువ కోట్ ఇచ్చినవాడి దగ్గరికి మారిపోతుంటుంది. మన ఇన్సూరెన్సు ఎవరిదో క్లెయిమ్ వేసేటప్పుడే తెలుస్తుంది.

సొంత పాలసీ కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొన్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు కొనుక్కునే ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ లేదు. మీకు మాత్రం 18 శాతం అలాగే ఉంది, నా జీతంలోంచి పోయే అమ్మానాన్నల ప్రీమియంతో సహా. సొంత పాలసీ అమ్మిన అబ్బాయి స్టెంటు అనే మాట వినగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తేరుకుని, గుండెకీ షుగర్‌కీ మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు, అన్నాడు. 2024 ఏప్రిల్‌కు ముందైతే నాలుగేళ్ల దాకా ఉండేదట, మాకు ఒక ఏడాది కలిసొచ్చింది.

కాబట్టి ఆ మూడేళ్లూ మీ నీడనే ఉంటాను. ఈ మధ్య వేరే కంపెనీ నుంచి మంచి ఆఫర్ వచ్చింది. జీతం గురించి మాట్లాడకముందే తల్లిదండ్రులకు కవరేజి ఉందా అని అడిగాను. లేదన్నారు, నమస్కారం పెట్టేశాను. ఇదేదీ తెలియని మా మేనేజరు అప్రైజల్లో 'సంస్థ పట్ల విధేయత: అత్యుత్తమం' అని రాశారు. దయచేసి మీరు కూడా ఆయనకు చెప్పొద్దు. ఈసారి ఇంక్రిమెంటు ఆ ఒక్క లైను మీదే ఆధారపడి ఉంది.

ఇట్లు,
మీ లబ్ధిదారుడు