శబ్దం కలిస్తే చుట్టరికం కలిసినట్టేనా?

అరగంటైంది ఆ వీడియో చూసి, ఇంకా నా కోపం దిగలేదు. మా ఇంటివాళ్ల గ్రూపులో పొద్దున్నే వచ్చింది. కాషాయం కండువా వేసుకున్న ఒకాయన మైకు ముందు కూర్చుని, యూరప్ యూరప్ అంతా 'కాదు' అనడానికి మన సంస్కృతం 'న'నే వాడుతుందనీ, గ్రీసు నుంచి రష్యా దాకా అందరూ 'నె' అంటారనీ, మన తెలుగువాళ్లు 'రాను', 'పోను' అనడంలో ఉన్నదీ అదేననీ, అందుకని అన్ని భాషలూ ఒకే తల్లి పిల్లలనీ తేల్చేశాడు. కింద వరసగా దండాల బొమ్మలు.

నేనొక్క ముక్కే రాశాను. "పెదనాన్నా, గ్రీకులో 'నె' అంటే అవును అండీ." అంతే. దానికి వచ్చిన జవాబు: "నాలుగు రోజులు విదేశాల్లో ఉండొచ్చినంత మాత్రాన పెద్దవాళ్లకి చెప్పకూడదమ్మా." దాని కింద మళ్లీ దండాలు.

పెద్దవాళ్లకి చెప్పడం గురించి కాదండీ గొడవ. అవునన్న మాటని కాదన్నట్టు చెప్పి, దాని మీద ఒక సిద్ధాంతం కట్టి, లక్షల మందికి పంచుతుంటే నోరు మూసుకుని కూర్చోవాలా?

నేను ఉద్యోగానికి చెక్ దేశంలో బ్ర్నో ఊళ్లో ఉన్నప్పుడు మా ఆఫీసు గదిలో ఒక గ్రీకు అమ్మాయి ఉండేది, థెస్సలోనికి వాళ్లది. మధ్యాహ్నం వాళ్లమ్మ ఫోను చేసేది. ఈ పిల్ల ఫోను చెవికి ఆనించి "నె, నె, నె, నె, మామా, నె" అంటూ కిటికీ దగ్గర అటూ ఇటూ తిరిగేది. పక్క కుర్చీలో ఉన్న చెక్ అబ్బాయి మొహంలో కంగారు నేను దగ్గర్నుంచి చూశాను. చెక్‌లో 'నె' అంటే కాదు, వద్దు, లేదు. అతని చెవికి ఆ పిల్ల తల్లితో ప్రతి మాటకీ అడ్డం చెబుతున్నట్టు వినిపిస్తోంది. ఫోను పెట్టాక "ఇంట్లో అంతా బాగానే ఉందా" అని మెల్లగా అడిగాడు. వాళ్లమ్మ అడిగింది, భోజనం చేశావా, కోటు వేసుకున్నావా, ఆదివారం ఫోను చేస్తావా అని! అన్నిటికీ ఈ పిల్ల అవును, అవును అంటోంది. ఒకే గది, ఒకే శబ్దం, పూర్తిగా ఎదురు అర్థం. ఇది నా కళ్లతో చూసిన సంగతి. అయినా నన్ను చెప్పొద్దమ్మా అంటారు.

గ్రీకువాళ్లకి కాదు అంటే 'ఓహి'. ఆ మాటకి ఒక జాతీయ పండగే ఉంది వాళ్లకి. 1940 అక్టోబరు 28 తెల్లవారకముందే ముస్సోలినీ తరఫున ఇటలీ రాయబారి వచ్చి మా సైన్యానికి దారి ఇవ్వండి అని అడిగితే ప్రధాని మెటాక్సాస్ ఒప్పుకోలేదు. ఆయన నిజానికి ఫ్రెంచిలో మాట్లాడాడు, "అంటే ఇక యుద్ధమే" అన్నాడు. కానీ జనం దాన్ని 'ఓహి' అనే ఒక్క మాటగా గుండెల్లో పెట్టుకున్నారు. ఏటా ఆ రోజు గ్రీసులో, సైప్రస్‌లో సెలవు. ఒక జాతి తన ప్రాణం పెట్టి పలికిన 'కాదు'ని పక్కన పడేసి, వాళ్ల 'అవును'ని తీసుకొచ్చి ఇదిగో మీ 'కాదు' అనడానికి మనసెలా వస్తుంది?

థెస్సలోనికి నుంచి ఉత్తరంగా రోడ్డు పట్టుకుని పోతే కులాతా దగ్గర సరిహద్దు దాటి బల్గేరియాలో అడుగుపెడతారు. ఇవతల 'నె' అంటే అవును, అవతల 'నె' అంటే కాదు. చాలదన్నట్టు బల్గేరియావాళ్లు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా ఊపుతారు. పొరుగుదేశాలే ఇవి. ఆ వీడియో చేసినాయన ఎవర్నైనా ఒక్కర్ని అడిగి ఉంటే తెలిసేది.

పోలండు వెళ్లండి. అక్కడ మాటల మధ్యలో 'నో' అంటే "ఆఁ, అవును, మరే" అని. చెక్ కొట్టులో కూడా అంతే, సామాన్లు సంచీలో సర్దుతూ గల్లా దగ్గరామె "నో, నో, నో" అంటుంటే ఇంగ్లీషు చెవితో వింటే ఏదో వద్దంటోందనుకుంటాం. ఆమె ఒప్పుకుంటోంది! రష్యన్‌లో అదే 'నో' అంటే 'కానీ'. ఇంగ్లీషు 'నో' పుట్టుక వేరే. పాత ఇంగ్లీషులో కాదు అనే 'నె', ఎప్పుడూ అనే 'ఆ' కలిసి 'నా' అయింది, అదే నేటి 'నో'. ఇంగ్లీషులోనే 'నే' అని ఇప్పుడు పాతబడిన ఇంకో మాట ఉంది చూశారూ, అది ఓడల్లో వచ్చిన స్కాండినేవియా జనం తెచ్చిపెట్టింది. ఒక్క దీవిలో రెండు 'కాదు'లు, రెండు దారుల్లో వచ్చినవి.

ఇప్పుడు నిజం ఉన్నచోట నిజం చెప్పాలి. సంస్కృతం 'న', చెక్ 'నె', రష్యన్ 'న్యె', లిథువేనియన్ 'నె', పాత ఇంగ్లీషు 'నె', ఇవన్నీ చుట్టాలే. ఎవరూ కాదనలేదు. జిప్సీలని పిలిచే రోమా జనం 'న' అంటారు, అదైతే మన దేశం నుంచే వాళ్లతో పాటు నడిచి వెళ్లిన మాట. కానీ చుట్టరికం అంటే ఏమిటి? 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి ఒక ఉపన్యాసంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదు అన్నాడు. అంటే అక్కచెల్లెళ్లు. సంస్కృతం తల్లి అని ఆయన అనలేదు. ఆ ఉపన్యాసాన్ని పట్టుకుని మనవాళ్లు తల్లి తల్లి అని ఊరేగడం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక ఫ్రెంచి 'న' సంగతి వినండి, ఇది నాకు ఎంతో ఇష్టం. లాటిన్ 'నోన్' అరిగి అరిగి ఫ్రెంచిలో ఎన్, ఈ అని రాసే చిన్న ముక్కగా మిగిలింది. అది మరీ బలహీనం, చెవికి ఆనదు. అందుకని జనం దానికి తోడు పెట్టుకున్నారు: అడుగు కూడా నడవను, చుక్క కూడా తాగను, తునక కూడా తినను. అచ్చం మనం మెతుకు ముట్టలేదు, చుక్క తాగలేదు అన్నట్టే. అడుగు అంటే వాళ్లకి 'పా'. రాను రాను నడకతో సంబంధం లేని చోట కూడా ఆ 'పా' వచ్చి కూర్చుంది. ఇవాళ పారిస్ వీధిలో ఎవర్నైనా దారి అడిగితే "షె పా" అంటారు, తెలియదు అని. అందులో అసలు 'కాదు' అనే ముక్క ఎగిరిపోయింది! మిగిలింది అడుగు. అడుగు అనే మాట ఒక్కటే ఇప్పుడు కాదు అనే బరువు మోస్తోంది. దీని గురించి డెన్మార్కు పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1917లోనే రాశాడు. ఇలాంటి కథ ఒక్కటి చాలదా, భాష అంటే ప్రేమ పుట్టడానికి? ఇవి వదిలేసి, అన్నీ మావే అంటూ అబద్ధం చెప్పుకుంటే గానీ మనకి తృప్తి ఉండదా?

ఇటలీలో 'నె' అంటే 'కాదు' అనీ కాదు, 'అవును' అనీ కాదు. 'అందులోంచి' అని. "నె వోల్యో దూయె" అంటే వాటిలో రెండు కావాలి అని. అది లాటిన్ 'ఇందె' నుంచి వచ్చింది. పైన చిన్న గీత పెడితే మాత్రం ఇంకో మాట, 'ఇదీ కాదు అదీ కాదు' అనడానికి. ఇస్తాంబుల్‌లో 'నె' అంటే ఏమిటి అని ప్రశ్న, అది టర్కీవాళ్ల సొంత మాట. అదే టర్కీ భాషలో 'నె ఇది, నె అది' అంటే ఇదీ కాదు అదీ కాదు, అది పర్షియన్ నుంచి తెచ్చుకున్నది. ఒకే భాషలో ఒకే శబ్దానికి రెండు పుట్టుకలు! హంగేరీవాళ్లు 'నె' అంటే వద్దు, చేయకు అని. మీ వీడియోకి సరిపోయింది కదా అని సంబరపడకండి, హంగేరియన్ అసలు ఈ కుటుంబంలోనే లేదు, ఫిన్నిష్, ఎస్టోనియన్ వైపు భాష. పోర్చుగీసులో 'నె' అంటే "కదూ?" అని, 'నావ్ ఎ' అనే రెండు మాటలు కలిసిపోయి అలా అయింది.

ఇంటిపేరు ఒకటైతే గోత్రం కూడా ఒకటేనని పెళ్లి సంబంధాలప్పుడు ఎవరైనా గుడ్డిగా అనుకుంటారా? నాలుగు తరాలు వెనక్కి వెళ్లి మరీ వాకబు చేస్తారు. మాటల దగ్గరికొచ్చేసరికి ఆ వాకబు అక్కర్లేదు, శబ్దం కలిస్తే చాలు. సంస్కృతం 'దేవ', లాటిన్ 'దేఉస్' నిజంగా చుట్టాలు. గ్రీకు 'థెయోస్' కూడా దేవుడే, వినడానికి అలాగే ఉంటుంది, కానీ దాని మూలం వేరు. ఇంగ్లీషు 'హావ్', లాటిన్ 'హబేరే' రెంటికీ కలిగి ఉండడం అనే అర్థమే, అయినా చుట్టాలు కావు. మరోపక్క ఆర్మీనియన్‌లో రెండుకి 'ఎర్కు' అంటారు. వింటే మన 'రెండు', తమిళం 'ఇరండు' గుర్తొస్తాయి. కానీ అది సంస్కృతం 'ద్వ'కి చుట్టం, మనకి కాదు! ఎలా తెలిసింది? ఆ భాషలో ఏ శబ్దం ఏ చోట ఎలా మారుతుందో మాట తర్వాత మాట పట్టి చూస్తే తెలిసింది. కష్టపడితే తెలిసింది.

సరే, యూరప్ మాటలు ఎటు పోయినా పోనీ అనుకుందాం. నన్ను అసలు పొడిచింది ఆ 'రాను, పోను' ముక్క. తెలుగు మాట్లాడే మనిషి, తెలుగు వ్యాకరణం గురించి, తెలుగువాళ్లకి, ఇంత తప్పు చెబుతాడా?

'రాను'లో 'ను' అంటే కాదు అని కాదండీ. 'ను' అంటే నేను. వస్తాను, వచ్చాను, తిన్నాను, వీటిలో ఉన్న 'ను'నే అది. 'కాదు' అనే అర్థం ఆ 'ను'లో ఉంటే మరి రావు, రాడు, రాదు, రారు సంగతేమిటి? వాటిలో 'న' ఎక్కడుంది? చేస్తాను, చేయను. చేస్తావు, చేయవు. చేస్తారు, చేయరు. పక్కపక్కన పెట్టుకుని చూడండి. కాలం చెప్పే 'స్తా' తీసేసి, ధాతువు పక్కనే నేనో నువ్వో వాళ్లో వచ్చి కూర్చుంటే చాలు, అది వ్యతిరేకం అయిపోతుంది. బయట నుంచి 'న' అనో 'నె' అనో 'నో' అనో ఒక మాట తెచ్చి తగిలించాల్సిన పనే లేదు మనకి. ఫ్రెంచివాళ్లు అడుగులు, తునకలు అరువు తెచ్చుకుని చెప్పేదాన్ని మన భాష క్రియ లోపలే పెట్టుకుంది. ఇంతకన్నా అందం ఇంకేం కావాలి? మా అమ్మమ్మ "చెయ్యను పో" అంటే అందులో రెండువేల ఏళ్లకు పైబడిన ద్రావిడ సంసారం అంతా ఉంది. దాన్ని తుడిచేసి, ఇదిగో సంస్కృతం 'న' అని బిళ్ల అంటిస్తే పొగిడినట్టా, అవమానించినట్టా?

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. చిన్నప్పట్నుంచి వింటున్నాను, తెలుగు 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అట. పదిహేనో శతాబ్దంలో వచ్చిన వెనిస్ యాత్రికుడు నికొలో కొంటీ పేరు మీద ఆ మాట తిప్పుతుంటారు. ప్రతి తెలుగు మహాసభలో, ప్రతి వక్తా, ప్రతి ఏడూ. పదాలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇటాలియన్ అట! మళ్లీ అదే, చెవికి తగిలిన శబ్దం. మన భాషకి గౌరవం రావాలంటే ఒకసారి ఇటలీ కూతురు కావాలి, ఒకసారి సంస్కృతం కూతురు కావాలి. తన కాళ్ల మీద తాను నిలబడకూడదా?

నిలబెట్టినవాళ్లున్నారు, వాళ్ల పేర్లు మనకి చెప్పరు, నా మంట అది. 1816లో మద్రాసులో క్యాంబెల్ అనే కంపెనీ ఉద్యోగి ఇంగ్లీషులో రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాట రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళం, కన్నడంతో కలిసి వేరే కుటుంబం అని మొదటిసారి రుజువులతో అచ్చులో చెప్పింది అందులోనే. రుజువు దేంతో? తెలుగుతో! సంస్కృత ధాతువులు ఒకపక్క, తెలుగు ధాతువులు ఒకపక్క పెట్టి చూపించాడు. ఆ తెలుగు ధాతువులు కూర్చిపెట్టింది ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పండితుడు పట్టాభిరామశాస్త్రి. తత్సమం, తద్భవం, దేశ్యం అని మాటల్ని విడదీసే లెక్కకి ఎల్లిస్ ఆధారం చేసుకున్నది మచిలీపట్నం మామిడి వెంకయ్య 'ఆంధ్రదీపిక'. శబ్దం ఒక్కటే చాలదు, మాట ఏ దారిన వచ్చిందో చూడాలన్న తెలివి మన పండితులకి అంతకుముందు నుంచే ఉంది. యూరప్ నుంచి వచ్చినాయన మచిలీపట్నం మనిషి దగ్గర నేర్చుకున్నాడండీ!

ఎల్లిస్ 1819లో చనిపోయాడు. అచ్చుకాని ఆయన కాగితాలు వంటవాళ్లు పొయ్యి అంటించడానికి వాడారని చెబుతారు. ముప్పై ఏడేళ్ల తర్వాత, 1856లో ద్రావిడ భాషల మీద మిషనరీ కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది, పేరంతా ఆయనకే పోయింది. కాల్డ్‌వెల్‌ని తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ మనలో బోలెడు మంది. మామిడి వెంకయ్య పేరు నా చదువంతటిలో ఒక్క తెలుగు మాస్టారి నోటా వినలేదు. పట్టాభిరామశాస్త్రి పేరు సరేసరి.

క్యాంబెల్ వ్యాకరణం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఎల్లిస్ ముందుమాటతో సహా. దండాలు పెట్టినవాళ్లందరికీ గ్రూపులో ఇప్పుడే పెడుతున్నాను. చదివి రండి పెదనాన్నా, అప్పుడు వాదిద్దాం.